టకటక సరే... మీ పనికి సరిపోతుందా?

ప్లేస్‌మెంట్ సీజన్ దగ్గరపడితే హాస్టళ్లకు ఫార్మల్ షర్టులతోపాటు ఈమధ్య ఇంకో పార్శిల్ కూడా వస్తోంది... మెకానికల్ కీబోర్డు. రీల్స్‌లో రంగురంగుల లైట్లు, రేకుల మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు. అవి చూశాక మన ల్యాప్‌టాప్ కీబోర్డు మీద మనసు విరిగిపోతుంది. సరేనని ఆన్‌లైన్‌లో వెతికితే ధరలు వేలల్లో మొదలై పది వేలు దాటిపోతాయి. పక్కనే ట్రై మోడ్, హాట్ స్వాప్, గ్యాస్కెట్ మౌంట్, వయా సపోర్ట్ అంటూ నోరు తిరగని పేర్లు. ఇంటి నుంచి వచ్చే నెల ఖర్చులోంచో, ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచో మిగిల్చుకున్న డబ్బు కదా! ఆ పేర్లలో మీకు పనికొచ్చేవి ఏవో, ఉత్త షోకు ఏదో తేల్చుకున్నాకే ‘బై నౌ’ నొక్కడం మంచిది.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. కీబోర్డు మార్చినంత మాత్రాన టైపింగ్ వేగం పెరగదు. పది వేళ్లతో, కిందికి చూడకుండా కొట్టడం వచ్చినవాళ్లు ఐదొందల కీబోర్డు మీదా వేగంగానే కొడతారు. రెండు వేళ్లతో అక్షరాలు వెతుక్కునేవాళ్లు పది వేల కీబోర్డు మీదా వెతుక్కుంటూనే ఉంటారు. మెడనొప్పికి కూడా మెకానికల్ కీబోర్డు మందు కాదు. ల్యాప్‌టాప్‌ను నాలుగు లావుపాటి పుస్తకాల మీద పెట్టి, తెరను కళ్ల ఎత్తుకు తెచ్చుకుని, విడిగా ఒక కీబోర్డు వాడితే వంగి కూర్చునే బాధ తగ్గుతుంది. ఆ పని మామూలు మెంబ్రేన్ కీబోర్డు కూడా చేసిపెడుతుంది. కాబట్టి మీ బడ్జెట్ వెయ్యి రూపాయల లోపే అయితే మంచి మెంబ్రేన్ కీబోర్డు కొనుక్కుని హాయిగా ఉండండి. రోజుకు ఐదారు గంటలు కోడింగో, కంటెంట్ రైటింగో, డేటా ఎంట్రీయో చేస్తూ, కొన్నది ఉద్యోగంలో చేరాక కూడా వాడుకోవాలనుకుంటే... అప్పుడు మెకానికల్ గురించి ఆలోచించొచ్చు.

రూమ్మేట్‌ను అడిగి స్విచ్ ఎంచుకోండి

మామూలు కీబోర్డులో కీలన్నిటి కిందా రబ్బరు బుడిపెలున్న ఒకే షీటు ఉంటుంది. మెకానికల్‌లో ఒక్కో కీకి ఒక్కో స్విచ్. దానిలోపల చిన్న స్ప్రింగు, పైకీ కిందికీ కదిలే ప్లాస్టిక్ ముక్క, కరెంటు కలిపే లోహపు రేకు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల్లో తెచ్చిన ‘ఎంఎక్స్’ స్విచ్ డిజైనే ఇవాళ్టికీ అందరికీ కొలమానం. దాని పేటెంట్ గడువు తీరిపోయాక గేటరాన్, కైల్, ఔటెము లాంటి చైనా కంపెనీలు అదే ఆకారంలో చవగ్గా చేయడం మొదలుపెట్టాయి. విద్యార్థి బడ్జెట్‌లోకి ఈ కీబోర్డులు దిగిరావడానికి అదో ముఖ్య కారణం.

స్విచ్‌లను రంగులతో పిలుస్తారు. ఎరుపు రంగుది లీనియర్... నొక్కితే సాఫీగా కిందికి జారిపోతుంది. బ్రౌన్‌ది టాక్టైల్... సగం దారిలో వేలికి చిన్న తట్టు తగులుతుంది, ‘కీ పడింది’ అని తెలుస్తుంది. నీలం రంగుది క్లికీ... ఆ తట్టుతోపాటు ‘టిక్’మని గట్టిగా మోగుతుంది. చెర్రీ రెడ్‌ను నొక్కడానికి 45 సెంటీన్యూటన్ల బలం చాలు. అంటే వేలి మీద సుమారు 45 గ్రాముల బరువు పెట్టినంత. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది కానీ 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం పడిపోతుంది. అడుగుదాకా గుద్దక్కర్లేదన్నమాట. ఇది అలవాటైతే రోజంతా టైప్ చేసేవాళ్ల వేళ్లకు కాస్త తేడా తెలుస్తుంది. అయితే ఈ రంగుల లెక్క అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండదు. గేటరాన్‌లో ఎల్లో కూడా లీనియరే. రంగు చూసి సరిపెట్టుకోకుండా పక్కన లీనియరా, టాక్టైలా అన్నది చదవండి.

హాస్టల్లో, పీజీలో ఉండేవాళ్లకు బ్లూ స్విచ్ వద్దే వద్దు. పగలు మీకు ముచ్చటగా అనిపించిన టిక్‌టిక్, రాత్రి ఒంటిగంటకు పక్క మంచం మీద పడుకున్నవాళ్లకు నరకం. ఇంకో చిక్కు కూడా ఉంది. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ ఇస్తూ కోడ్ రాయాల్సి వస్తే ఆ చప్పుడంతా మైకులోకి వెళ్తుంది. మీరు ఆలోచిస్తూ మాట్లాడే మాట ఇంటర్వ్యూ చేసేవాళ్లకు సరిగ్గా వినపడదు. కలిసి ఉండే గదిలో లీనియర్ గానీ, ‘సైలెంట్’ అని రాసి ఉన్నవి గానీ తీసుకోండి. బ్రౌన్ కూడా ఫర్వాలేదు.

ఇక రీల్స్‌లో వినిపించే ఆ మెత్తటి ‘థాక్ థాక్’ స్విచ్ ఒక్కదాని మహిమ కాదు. లోపలి ఫోమ్, ప్లేటు, కీక్యాప్‌ల మందం, కింద పరిచిన డెస్క్ మ్యాట్, దగ్గరగా పెట్టిన మైకు... అన్నీ కలిస్తేనే ఆ శబ్దం. అదే మోడల్ కొన్నా మీ రేకు టేబుల్ మీద వేరేలా మోగుతుంది. కుదిరితే కొనే ముందు ఒకసారి వేలు పెట్టి చూడండి. హైదరాబాద్ దగ్గర్లో ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అక్కడి కంప్యూటర్ దుకాణాల్లో రెండు మూడు రకాలు నొక్కి చూస్తే, పది రివ్యూలు చూసినా తెలియనిది తెలుస్తుంది.

ఏ కీ లేకపోతే మీ పని ఆగుతుంది?

ఎక్కువమంది ఇబ్బంది పడేది సైజు దగ్గరే. 60 శాతం కీబోర్డు చిన్నగా, ముద్దుగా ఉంటుంది, బ్యాగులో పడుతుంది, ధరా తక్కువ. కానీ అందులో 61 కీలే ఉంటాయి. పైన ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే వరస ఉండదు, బాణం గుర్తులు ఉండవు. అవి కావాలంటే ప్రతిసారీ ‘ఎఫ్ఎన్’తో కలిపి నొక్కాలి.

బీకామ్ చదివి ట్యాలీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల సంగతి చూడండి. ట్యాలీలో పేమెంట్ వోచర్‌కు ఎఫ్5, రిసీట్‌కు ఎఫ్6, జర్నల్‌కు ఎఫ్7, సేల్స్‌కు ఎఫ్8, పర్చేజ్‌కు ఎఫ్9. రోజుకు వందసార్లు వాడే కీలు ఇవి. పైగా అంకెలు కొట్టడానికి కుడివైపు నంబర్ ప్యాడ్ లేకపోతే చేయి విరిగినట్టే. అకౌంట్స్, బ్యాంకింగ్, డేటా ఎంట్రీ వైపు వెళ్లేవాళ్లు 104 కీల ఫుల్ సైజ్ గానీ, దాదాపు అవే కీలను దగ్గరగా సర్దిన 96 శాతం రకం గానీ చూసుకోవాలి. చిన్న కీబోర్డు ఇప్పటికే కొనేసి ఉంటే విడిగా నంబర్ ప్యాడ్ దొరుకుతుంది, అదొక దారి.

కోడింగ్ చేసేవాళ్లకు 60 శాతం రకంలో వేరే తంటా. వీఎస్ కోడ్‌లో డీబగ్గింగ్ మొదలుపెట్టాలంటే ఎఫ్5, ఒక్కో లైను దాటాలంటే ఎఫ్10, ఫంక్షన్ లోపలికి వెళ్లాలంటే ఎఫ్11. జావాస్క్రిప్ట్‌లో టెంప్లేట్ స్ట్రింగ్ రాసేందుకు వాడే బ్యాక్‌టిక్ కూడా చాలా 60 శాతం బోర్డుల్లో ఎస్కేప్ కీతో కలిసిపోయి ఉంటుంది. గేమ్స్‌కు అది చాలునేమో గానీ, ఉద్యోగం కోసం సాధన చేసేవాళ్లకు చాలదు. ఎఫ్ వరస, బాణం గుర్తులు రెండూ ఉంచి, నంబర్ ప్యాడ్ మాత్రం తీసేసిన 75 శాతం రకం (80 పైచిలుకు కీలు) లేదా 87 కీల టీకేఎల్... ఇంజినీరింగ్, ఎంసీఏ విద్యార్థులకు ఈ రెండింట్లో ఒకటి సరిపోతుంది. ల్యాప్‌టాప్ పక్కన టేబుల్ మీద మౌస్‌కు చోటూ మిగులుతుంది.

వైరు లేదంటే సరిపోదు

‘వైర్‌లెస్’ అన్న మాట కింద రెండు వేర్వేరు దారులున్నాయి. ఒకటి బ్లూటూత్. ల్యాప్‌టాప్‌కు, ఫోనుకు, ట్యాబ్‌కు ఒకేసారి జత చేసుకుని, ఒక కీ నొక్కి దీన్నుంచి దానికి మారొచ్చు. యూఎస్‌బీ పోర్టు ఖర్చు కాదు. రెండోది 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్. చిటికెన వేలి గోరంత ముక్కను పోర్టుకు గుచ్చాలి. స్పందన బ్లూటూత్ కంటే చురుగ్గా ఉంటుంది, జత చేసే గొడవ ఉండదు. ఈ రెండూ, వైరూ కలిపి ఉన్నదాన్నే ‘ట్రై మోడ్’ అంటున్నారు. టైపింగ్‌కూ కోడింగ్‌కూ బ్లూటూత్ సరిపోతుంది. గేమ్స్ కూడా ఆడతాననేవాళ్లకే డాంగిల్ అవసరం.

డాంగిల్ కొన్నాక అక్షరాలు ఎగిరిపోతున్నాయని, కొన్ని రెండుసార్లు పడుతున్నాయని చాలామంది కీబోర్డునే తిడతారు. అసలు దొంగ పక్క పోర్టులో ఉండొచ్చు. యూఎస్‌బీ 3.0 పరికరాలు, ముఖ్యంగా హార్డ్ డిస్కులు, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను చెడగొట్టే రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ కంపెనీయే 2012లో ఒక పత్రం రాసింది. హాస్టల్ వైఫై కూడా చాలావరకు అదే 2.4 బ్యాండులో నడుస్తుంది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, డాంగిల్‌ను హార్డ్ డిస్కుకు దూరంగా, కీబోర్డుకు దగ్గరగా పెడితే చాలాసార్లు గొడవ తీరిపోతుంది. కీబోర్డు వాపసు పంపేముందు ఇదొక్కసారి చేసి చూడండి.

బ్యాటరీ దగ్గర కంపెనీలు చెప్పే పెద్ద పెద్ద గంటలు సాధారణంగా లైట్లు ఆర్పేసినప్పటివి. రంగుల లైట్లు పూర్తిగా వేసుకుంటే 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ కూడా కొద్ది రోజులకే చతికిలపడుతుంది. చార్జింగ్‌కు ల్యాప్‌టాప్ పోర్టు గానీ మామూలు 5 వోల్టుల అడాప్టర్ గానీ చాలు, ఫోన్ ఫాస్ట్ చార్జర్ జోలికి పోకండి. ఇంకొకటి... చార్జ్ మిగుల్చుకోవడానికి ఈ కీబోర్డులు కొన్ని నిమిషాలు ఖాళీగా ఉంటే నిద్రలోకి జారుకుంటాయి. లేచేటప్పుడు కొన్నిట్లో మొదటి అక్షరం మింగేస్తాయి. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పయి అకౌంట్ లాక్ అయ్యేది ఇలాగే! అందుకే ఆన్‌లైన్ పరీక్షల రోజున వైరు గుచ్చి వాడటం ఉత్తమం.

‘కస్టమైజ్’ అంటే లైట్ల రంగు మార్చడం కాదు

డబ్బు ఎక్కువ పెట్టడానికి నిజంగా అర్థం ఉన్న చోటు ఇదే. ఇందులో రెండు సంగతులున్నాయి.

మొదటిది హాట్ స్వాప్. ఈ సౌకర్యం లేని కీబోర్డులో స్విచ్‌లను బోర్డుకు సోల్డరింగ్ చేసేస్తారు. వారంటీ అయిపోయాక ఒక్క ‘ఇ’ కీ పనిచేయకపోతే ఎలక్ట్రానిక్స్ తెలిసిన స్నేహితుణ్ని వెతుక్కోవాలి, లేదా మొత్తం పక్కన పడేయాలి. హాట్ స్వాప్ ఉంటే పెట్టెలో ఇచ్చిన చిన్న పట్టకారుతో పాడైన స్విచ్ పీకి కొత్తది నొక్కేస్తే సరి. రెండు నిమిషాల పని, ఖర్చు కొన్ని పదుల రూపాయలు. కొన్ని కీబోర్డుల పెట్టెలోనే రెండు మూడు స్పేర్ స్విచ్‌లు ఇస్తారు. అర్జెంటైతే స్క్రోల్ లాక్ లాంటి వాడని కీ కింది స్విచ్ తీసి అక్కడ పెట్టుకోవచ్చు కూడా. ఇన్నేళ్లు వాడాలనుకునే వస్తువుకు ఇంతకంటే మంచి వారంటీ ఏముంది?

కొత్త స్విచ్‌లు కొనేటప్పుడు వాటి కింద మూడు కాళ్లున్నాయా, ఐదా అన్నది చూడాలి. ఐదు కాళ్ల సాకెట్‌లో మూడు కాళ్లవి పడతాయి. మూడు కాళ్ల సాకెట్‌లో ఐదు కాళ్లవి పట్టవు, అదనపు ప్లాస్టిక్ కాళ్లు కత్తిరించాలి. ‘మార్చాను, అయినా పనిచేయట్లేదు’ అనే సందర్భాల్లో ఎక్కువసార్లు లోహపు కాలు వంకరపోయి ఉంటుంది. తీసి, సరిచేసి, నిటారుగా నొక్కితే పలుకుతుంది.

రెండోది కీల పని మార్చుకోవడం. క్యాప్స్ లాక్ కీని ఎంతమంది వాడతారు? చాలామంది ప్రోగ్రామర్లు దాన్ని కంట్రోల్‌గా మార్చేసుకుంటారు. ఎడమ చిటికెన వేలు కిందికి సాగదీసే బాధ తప్పుతుంది. ఇలాంటి మార్పులు ఎక్కడ దాచుకుంటాయన్నదే అసలు ప్రశ్న. కంపెనీ సాఫ్ట్‌వేర్ నడుస్తుంటేనే కొన్నిట్లో ఆ మార్పులు పనిచేస్తాయి. ఉద్యోగంలో చేరాక ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వరు కదా, అక్కడ మీ కస్టమైజేషన్ అంతా సున్నా. అదే ‘క్యూఎంకే’ అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, దాన్ని సులువుగా మార్చుకునే ‘వయా’ యాప్ ఉన్న కీబోర్డులైతే మార్పులు కీబోర్డు మెమరీలోనే ఉండిపోతాయి. ఇంట్లో వైరు గుచ్చి, క్రోమ్ బ్రౌజర్‌లో వయా తెరిచి ఒకసారి మార్చుకుంటే, ఏ కంప్యూటర్‌కు తగిలించినా అలాగే పనిచేస్తుంది.

మోడల్ పేర్ల దగ్గర కళ్లు పెద్దవి చేసుకుని చదవాలి. కీక్రాన్ కే2 తీసుకోండి. మామూలు కే2లో క్యూఎంకే ఉండదు. కే2 ప్రోలో క్యూఎంకే, వయా ఉంటాయి కానీ 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉండదు. కే2 మ్యాక్స్‌లో రెండూ ఉంటాయి. పేరు చివర ఒక్క మాట మారితే వేల రూపాయల తేడా. తక్కువ ధరలో ఔలా ఎఫ్75 లాంటివి ట్రై మోడ్, హాట్ స్వాప్ రెండూ ఇస్తున్నాయి. కీల మార్పులకు మాత్రం కంపెనీ సొంత విండోస్ సాఫ్ట్‌వేర్ వాడాలి. రాయల్ క్లడ్జ్ ఆర్‌కే84లోనైతే హాట్ స్వాప్ ఉన్న రకమూ, లేని రకమూ రెండూ అమ్మకానికి వచ్చాయి. ఫొటో ఒకటే, కాబట్టి వివరాల్లో ‘హాట్ స్వాపబుల్’ అన్న మాట కనిపించాకే కొనండి. విద్యార్థిగా మొదటిసారి కొనేవాళ్లకు ఈ తక్కువ ధర రకంలో హాట్ స్వాప్ ఉన్నదే చాలని నా అభిప్రాయం. వయా లేదని బెంగ అక్కర్లేదు. సొంత కంప్యూటర్‌లో క్యాప్స్ లాక్ మార్చడానికి విండోస్‌లో పవర్ టాయ్స్ అనే ఉచిత మైక్రోసాఫ్ట్ యాప్ ఉంది.

ఒక హెచ్చరిక. ఒక్క కీ నొక్కితే పేరా మొత్తం పడేలా మాక్రోలు పెట్టుకోవచ్చు. రెజ్యూమె వివరాలు నింపడానికి భేషుగ్గా ఉంటుంది. కెమెరా నిఘాలో రాసే ఆన్‌లైన్ పరీక్షల్లో మాత్రం వాటి జోలికి వెళ్లకండి. అక్షరాలు అసహజ వేగంతో పడటం, పేస్ట్ చేసినట్టు కనిపించడం అనుమానానికి దారితీస్తే మీ చదువంతా వృథా. అలాగే బ్యాంకులు, బీపీఓల లాంటి చోట్ల బయటి యూఎస్‌బీ పరికరాలు పెట్టనివ్వకపోవచ్చు. చేరాక ఐటీ విభాగాన్ని అడిగాకే మీ కీబోర్డు పట్టుకెళ్లండి.

తెలుగులో టైప్ చేస్తారా?

పత్రికలు, అనువాదం, సబ్‌టైటిల్స్, కంటెంట్ ఉద్యోగాల వైపు చూసేవాళ్లు ‘తెలుగు అక్షరాలున్న కీక్యాప్‌లు దొరకవే’ అని వెనకాడుతుంటారు. వాటితో పనేలేదు. కీబోర్డు పంపేది ‘ఫలానా చోటి కీ నొక్కారు’ అన్న సంకేతం మాత్రమే. అక్కడ ఏ అక్షరం పడాలో నిర్ణయించేది కంప్యూటర్. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ సిద్ధంగానే ఉంటుంది, ఫొనెటిక్ కూడా ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ‘క్ర’ కావాలంటే కె, డి, జె కీలు వరసగా నొక్కాలి. ఆ డి కీయే పొల్లు. ఒత్తు వచ్చిన ప్రతిసారీ దానిమీద వేలు పడాల్సిందే, మన భాషలో ఒత్తులకు కొదవా! అందుకని తేలిగ్గా దిగే లీనియర్ స్విచ్ తెలుగు రాసేవాళ్లకు హాయిగా ఉంటుంది. చూడాల్సింది ఇంకొక్కటే... కుడివైపు ఆల్ట్ కీ విడిగా ఉందా లేదా అన్నది. కొన్ని చిన్న బోర్డుల్లో దాన్ని తీసేస్తారు. కొన్ని తెలుగు లేఅవుట్లలో అదనపు గుర్తులు దానితోనే వస్తాయి.

టైపింగ్ పరీక్ష ఉన్నవాళ్లు మాత్రం...

ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్‌లో ఎల్‌డీసీ, జేఎస్‌ఏ పోస్టులకు ఇంగ్లిష్‌లో నిమిషానికి 35 పదాల వేగం కావాలి. పదానికి ఐదు కీల లెక్కన గంటకు 10,500 కీ డిప్రెషన్లు. డేటా ఎంట్రీ ఆపరేటర్‌కు గంటకు 8,000, కొన్ని శాఖల్లో 15,000. ఈ పరీక్ష మీ కీబోర్డు మీద జరగదు. కేంద్రంలో ఉన్నదాని మీద రాయాలి. అది గట్టిగా నొక్కాల్సిన పాత మెంబ్రేన్ అయినా కావచ్చు. నెలల తరబడి మెత్తటి రెడ్ స్విచ్ మీదే సాధన చేసి, ఆ రోజు సగం నొక్కి వదిలేస్తే అక్షరాలు పడవు. ఇంట్లో మెకానికల్ ఉన్నా చివరి నెల రోజులు నాలుగైదు వందల వైరు కీబోర్డు మీద, క్యాప్స్ లాక్ లాంటి మార్పులేవీ లేకుండా కొట్టండి. అసలు ఈ పరీక్ష కోసమే కొంటున్నవాళ్లైతే మెకానికల్ ఆలోచనే ఇప్పటికి పక్కన పెట్టొచ్చు.

పార్శిల్ వచ్చిన రోజు

వైర్‌లెస్ కీబోర్డులకు మన దేశంలో బీఐఎస్ నమోదు తప్పనిసరి. పెట్టె మీదో, కీబోర్డు అడుగునో ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉందేమో చూడండి. విదేశాల నుంచి నేరుగా తెప్పించి అమ్మే సరుకులో అది ఉండకపోవచ్చు, అలాంటివాటికి ఇక్కడ వారంటీ కూడా అనుమానమే. కంపెనీ పేరుతో జీఎస్‌టీ బిల్లు తీసుకోండి.

పెట్టె విప్పేటప్పుడే ఫోన్‌లో వీడియో తీసుకోండి. తర్వాత బ్రౌజర్‌లో ఏదైనా కీబోర్డు టెస్టర్ పేజీ తెరిచి ప్రతి కీనీ నొక్కి చూడండి. ఒకసారి నొక్కితే రెండు అక్షరాలు పడుతుంటే ఆ స్విచ్ తేడా. స్పేస్ బార్, ఎంటర్, బ్యాక్‌స్పేస్ లాంటి పొడవాటి కీలను రెండు చివర్లా నొక్కండి. గలగలలాడుతుంటే లోపలి స్టెబిలైజర్ సరిగ్గా లేనట్టు. వైరు, బ్లూటూత్, డాంగిల్ మూడింటినీ విడివిడిగా పరీక్షించండి. లైట్లు ఆర్పి ఒక రాత్రి వదిలేసి పొద్దున చార్జ్ ఎంత ఉందో చూడండి. ఒక్క స్విచ్ పీకి మళ్లీ పెట్టి చూడండి. మెకానికల్ కీబోర్డులు ఎత్తుగా ఉంటాయి కాబట్టి మణికట్టు పైకి వంగుతోందేమో గమనించుకోండి. వంగుతుంటే వెనక కాళ్లు మడిచేసి, ముందు చేతి తువ్వాలు మడత పెట్టి పెట్టుకున్నా చాలు. ఇదంతా రిటర్న్ గడువు లోపలే, మొదటి రెండు రోజుల్లో అయిపోవాలి. అప్పటిదాకా పెట్టె, కేబుల్, ఆ చిన్న పట్టకారు... ఏదీ పారేయకండి.